సైకిలు ఫ్రేముకు రంగుపూత: జపాను వార్నిషు నుండి పొడిపూత వరకు

గోదావరి ఉత్తరపు ఒడ్డున, మంచిర్యాలకు చేరువలో ఉన్న నస్పూర్ బొగ్గుగనుల ఊరు. సింగరేణి సంస్థకు చెందిన శ్రీరాంపూర్ ప్రాంతపు గనులు దీని చుట్టుపట్లనే కలవు. మూడు షిఫ్టులలో పనిచేయు గని కార్మికులకు సైకిలు చిరకాలము ముఖ్యమైన వాహనముగా ఉండెను. నేడు వారిలో పలువురు మోటారు సైకిళ్ళు ఎక్కుచున్నారు. లావు టైర్లు, గేర్లు గల ‘మౌంటెన్ బైకు’లు పిల్లల చేతికి వచ్చినవి. సైకిలు పాతదైనను, కొత్తదైనను దాని శత్రువు ఒక్కటే. బొగ్గు ధూళి, వానాకాలపు చెమ్మ కలిసి నిలిచిన చోట, ఫ్రేము అతుకుల దగ్గర రంగు పొక్కి ఎఱ్ఱని తుప్పు బయటపడును. మరల రంగు వేయించిన సరిపోవునని ఎవరైనను అనుకొందురు. కాని ఏ రంగును, దేనిపైన, ఎట్లు వేయవలెనో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకును పనివారికిని నూరేండ్లు పట్టినది.

మొదట తుప్పు సంగతి చూతము. ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆమ్లజని రెండును కావలెను. పూతపై గీత పడిన చోట చేరిన నీటిబొట్టు చిన్న విద్యుద్ఘటము వలె పనిచేయును. బొట్టు నడుమ ఆమ్లజని తక్కువగా అందును. అక్కడ ఇనుము కరుగును. ఆమ్లజని బాగుగా అందు అంచులలో క్షారము పుట్టి, రంగు యొక్క పట్టును సడలించును. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత అది రంగును క్రిందినుండి పైకి నెట్టును. పైకి నిగనిగలాడుచున్న పూత క్రిందనే ఇనుము చెడిపోవుచుండవచ్చును.

ఇందులో ధూళికి గల పాత్రను ఇంగ్లండులో డబ్ల్యు. హెచ్. జె. వెర్నన్ 1920, 1930 దశకములలో చేసిన ప్రయోగములు వెల్లడించినవి. ఇనుపరేకు చుట్టును మస్లిను గుడ్డతో గూడు కట్టి ఉంచగా, గాలి తగులుచున్నను అది తుప్పు పట్టలేదు. గుడ్డ ధూళిని వడకట్టుటయే దీనికి కారణము. కట్టెబొగ్గు కణములు, కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడు వాయువు కలిసిన తేమగాలిలోనైతే తుప్పు మిక్కిలి వేగముగా పెరిగెను. గనులలోని బొగ్గు కట్టెబొగ్గు కాదు. అయినను దాని ధూళియు ఫ్రేము మూలలలో చేరి తేమను పట్టి ఉంచును.

సైకిలు పుట్టునాటికే ఇనుమును కాపాడు పూత ఒకటి సిద్ధముగా ఉండెను. జపాను దేశపు లక్క సామానులను చూచి ముచ్చటపడిన ఐరోపా పనివారు వానికి అనుకరణగా ఒక నల్లని వార్నిషు తయారుచేసిరి. వేల్సులోని పాంటిపూల్ పట్టణము ఇట్టి పూత పూసిన తగరపు రేకు సామానులకు పేరు పొందినది. అస్ఫాల్టు, అవిసె నూనె, టర్పెంటైను కలిపి పూసి, పొయ్యి గదిలో కాల్చగా గట్టి నల్లని పొర ఏర్పడెడిది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ కావెంట్రీ నగరమున ‘రోవర్’ సైకిలును వెలువరించెను. నేటి సైకిలు రూపమునకు అదియే మూలము. అటుపిమ్మట వచ్చిన సైకిళ్ళలో నలుపు రంగే ఎక్కువగా కనిపించుటకు ఈ కాల్చిన ఎనామెలే ముఖ్యకారణము. ఇందులో ఒక వింత కలదు. అవిసె నూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొనియే గట్టిపడును. ఇనుమును తినివేయు ఆమ్లజనియే ఇనుమునకు కవచము కట్టుచున్నదన్నమాట!

1920 దశకమున ‘డ్యూకో’ వంటి త్వరగా ఆరు లక్కలు, ఆల్కిడ్ రెజిన్లతో చేసిన ఎనామెళ్ళు వచ్చినవి. వీనివలన రంగుల ఎంపిక పెరిగెను. కాని అంతకంటె ముఖ్యమైన మార్పు రంగులో కాక, రంగు క్రింద జరిగెను. థామస్ వాట్స్ కాస్లెట్ అను ఆంగ్లేయుడు వేడి ఫాస్ఫారిక్ ఆమ్లములో ఇనుప వస్తువులను ఉంచు పద్ధతికి 1906లో పేటెంటు పొందెను. దీనివలన లోహముపై కరగని ఫాస్ఫేటు స్ఫటికముల పొర ఏర్పడును. ఈ గరుకు పొరను రంగు గట్టిగా పట్టుకొనును. గీత పడినను తుప్పు ప్రక్కలకు అంత సులభముగా ప్రాకదు. ఢిల్లీ ఇనుప స్తంభము పదహారు శతాబ్దములు నిలుచుటకు దానిపై ఏర్పడిన ఫాస్ఫేటు పొరయే ముఖ్యకారణమని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం 2000లో వివరించెను. పూత బలము పూతలో కంటె దాని పునాదిలోనే ఉన్నదని ఈ రెండును తెలుపుచున్నవి.

మన దేశమున 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు వెలసినవి. ఆ కాలముననే జర్మనీలో కొత్త పూత పుట్టుచుండెను. ద్రవరంగులోని ద్రావకము ఆవిరియై గాలిలో కలియును. అది వృథాయే కాక, మండు స్వభావము కలది, ఊపిరికి చేటు. ద్రావకమే లేకుండ పూయరాదా అని ఎర్విన్ గెమర్ ఆలోచించెను. ఒక తొట్టిలో ప్లాస్టిక్ పొడిని పోసి అడుగునుండి గాలి ఊదగా పొడి మరుగు నీటివలె పొంగాడెను. వేడిచేసిన వస్తువును అందు ముంచగా పొడి దానికి అంటి కరిగి పూతయయ్యెను. ఈ పద్ధతికి 1953లో పేటెంటు కోరిరి.

పూత పలుచగా రావలెనన్నచో వేరొక ఉపాయము కావలసివచ్చెను. 1960 దశకమున స్థిర విద్యుత్తు ఆ కొరత తీర్చినది. పిచికారి తుపాకి కొనయందు వేల కొలది వోల్టుల పీడనము ఉండును. దాని గుండా వచ్చు పొడికి విద్యుదావేశము కలుగును. ఫ్రేమును భూమికి కలుపుదురు. దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు ఫ్రేము పొడిని లాగుకొనును. గొట్టము వెనుకవైపునకు కూడ పొడి చుట్టుకొని అంటును. పిమ్మట సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పది, పదిహేను నిమిషములు ఉంచగా పొడి కరిగి, రసాయనికముగా బిగిసి, 60 నుండి 80 మైక్రానుల పొర అగును. క్రింద రాలిన పొడిని మరల వాడవచ్చును. మొదటి ఎపాక్సీ పొడులు ఎండకు వెలిసి సుద్దవలె రాలెడివి. తరువాత వచ్చిన పాలియెస్టరు పొడులు ఎండకు ఓర్చుకొనెను. అయినను ఒక లోపము మిగిలెను. గొట్టములు కలియు ఇరుకు మూలలలోనికి విద్యుత్ క్షేత్రము చొరబడదు. కావున పొడి అక్కడ సరిగా చేరదు. తుప్పు మొదట పుట్టునదియు అక్కడనే.

ఇట్టి గట్టి పూత అవసరమైన సైకిలు 1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపుదిద్దుకొనెను. మారిన్ కౌంటీలోని టామల్పాయిస్ కొండ వాలుపై కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ళపై దిగుచు పందెములాడెడివారు. 1977లో జో బ్రీజ్ ఆ పనికే ప్రత్యేకముగా ఒక ఫ్రేమును నిర్మించెను. ముందు చక్రము విసరు రాళ్ళు ఫ్రేము క్రింది గొట్టమును కొట్టుచుండును. ఆ దెబ్బలకు ఓర్చుటలో పొడిపూత మేటి.

ఇట్టి ఫ్రేముకు మరల పూత వేయించునపుడు ఈ చరిత్ర అంతయు అక్కరకు వచ్చును. మొదట పాత రంగు తీయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఇనుమునకు తొలిపూతగా వాడిన సిందూరము సీసపు సమ్మేళనమే. గృహోపయోగ, అలంకార రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేసెను. కనుక పాత రంగును పొడిగా గీకి దుమ్ము రేపరాదు, తడిపి తీయవలెను. అల్యూమినియము ఫ్రేముపై కాస్టిక్ సోడా వాడిన ఉదజని వెలువడుచు లోహమే కరిగిపోవును. 6061 రకపు అల్యూమినియము బలము దానికి చేసిన ఉష్ణోపచారమునుండి వచ్చినది. పొయ్యిలో మితిమీరి ఉంచినచో ఆ బలము తగ్గును. కార్బను నారతో చేసిన ఫ్రేమును పొడిపూత పొయ్యిలో పెట్టనే రాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. రంగు తీసిన దినమున ఫ్రేము తన నిజరూపము చూపును. అతుకు ప్రక్క వెండ్రుక వంటి బీట, గొట్టము పలుచబడిన చోటు అప్పుడే కంటికి కనబడును. ఆ పరీక్ష చేయక పూత పూసినచో రంగు రోగమును దాచును. ఒకనాడు వాలుపై వేగముగా దిగుచుండగా ఫ్రేము విరుగును. గొట్టము లోపలికి ఏ పిచికారియు సరిగా అందదు గనుక అక్కడ నూనెయో మైనమో పట్టించుట మేలు. బడిలో ఉపాధ్యాయులు ఒక పాత ఫ్రేమును విద్యార్థుల ముందుంచి, రంగు ఎక్కడ పొక్కినదో, ఎందుకు పొక్కినదో అడిగినచో రసాయన, భౌతిక శాస్త్రములు రెండును పాఠమునకు వచ్చును. నస్పూర్ వంటి ఊరిలో అట్టి ఫ్రేము కొరకు దూరము పోనక్కరలేదు.