చల్లార్చే మాట

గోనెగండ్ల వైపు పిల్లలు కాళ్లకు మొక్కితే అవ్వల నోట వచ్చే దీవెన ‘సల్లగుండు నాయనా’. హంద్రి ఏటిలో ఇసుక తప్ప ఏమీ కనపడని ఎండాకాలంలో అంతకు మించిన దీవెన ఏముంటుంది? ఉపనిషత్తు పారాయణకు ముందూ వెనకా ముమ్మారు పలికే ‘శాంతిః’ కూడా ఈ చల్లదనం దగ్గరే పుట్టింది.

శాంతి అనగానే ఇప్పుడు మనకు నిశ్శబ్దం గుర్తొస్తుంది. వేదంలో ఆ మాటకు ఎదురుగా నిప్పు ఉంది. ప్రజాపతి అగ్నిని పుట్టించి, అది తననే కాల్చేస్తుందేమోనని భయపడి శమితో దాన్ని శమింపజేసి చల్లార్చాడనీ, శమికి ఆ పేరు అలా వచ్చిందనీ తైత్తిరీయ బ్రాహ్మణం చెబుతుంది. శమి అంటే మన జమ్మిచెట్టు, కన్నడంలో బన్ని. దసరా నాడు బంగారమని చేతిలో పెట్టే ఆకు దానిదే.

సోమయాగంలో ప్రవర్గ్యమని ఒక క్రతువు ఉంది. మహావీరం అనే మట్టిపాత్రలో నెయ్యి పోసి బాగా కాచి, అందులో ఆవుపాలు, మేకపాలు పోస్తారు. కాగిన నూనెలో నీటిచుక్క పడితే ఏమవుతుందో వంటింట్లో తిరిగినవాళ్లకు తెలుసు. ఇక్కడ మంట నిలువెత్తున లేస్తుంది. అందుకే ఆ పనికి ముందూ తర్వాతా శాంతి చదివేవారు. తైత్తిరీయ ఆరణ్యకంలో ప్రవర్గ్య మంత్రాల అధ్యాయం శాంతితోనే మొదలవుతుంది. భూమి, ఆకాశం, నీళ్లు, చెట్లు అన్నీ శాంతించాలని కోరే మంత్రం శుక్ల యజుర్వేదం 36వ అధ్యాయంలోది. దాని చోటు కూడా ప్రవర్గ్యం పక్కనే. నాకు ఈ సంగతి తెలిశాక ఆ మంత్రం వింటుంటే ముఖానికి సెగ తగిలినట్టే ఉంటుంది.

ఏ వేదపు ఉపనిషత్తుకు ఏ శాంతి అన్నది ముక్తికోపనిషత్తు లెక్కగట్టింది. మొత్తం 108లో కృష్ణ యజుర్వేదానివి 32, వాటికి ‘సహనావవతు’. అందులో కోరేది ‘మా ఇద్దరినీ’ కాపాడమని. సంస్కృతంలో అది ద్వివచనం, అంటే గురువు, శిష్యుడు. చదువు చెప్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య ద్వేషం పుట్టకూడదని కూడా అందులోనే అడుగుతారు.

మూడుసార్లు ఎందుకంటే తాపాలు మూడు గనక అన్నారు పెద్దలు. తాపమంటే మళ్లీ వేడే. మన ఒంట్లో, మనసులో పుట్టేది ఆధ్యాత్మికం, తోటి ప్రాణుల వల్ల వచ్చేది ఆధిభౌతికం, మన చేతిలో లేని కరువూ వరదా ఆధిదైవికం. ఈ చివరిదాన్ని గోనెగండ్ల వైపువాళ్లకు ఎవరూ విడమరచనక్కర్లేదు. 1876లో మొదలైన ధాత కరువు, అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోనిని మాడ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచింది. ఉపనిషత్తులకు ఖండార్థాలనే వ్యాఖ్యలు రాసిన రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసింది అక్కడే.

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా వినాలి. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లికి మొదటా చివరా ‘శం నో మిత్రః’ వస్తుంది. రెండూ ఒకటే అనిపిస్తాయి. మొదట ‘వదిష్యామి’, పలకబోతున్నాను. చివర ‘అవాదిషం’, పలికాను. మొదట ‘అవతు’, కాపాడుగాక. చివర ‘ఆవీత్’, కాపాడింది. ఈసారి పారాయణ జరిగేచోట మధ్యలో లేచిపోకుండా చివరిదాకా కూర్చోండి, ఆ తేడా మీ చెవినే పడుతుంది.