బందరులో ఆగిపోయిన బేగం

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు పోయే రైలు బొల్లారంలో ఆగుతుంది. అటు శామీర్‌పేట రోడ్డు పట్టినా మిలిటరీ గోడలు చాలాదూరం వెంటే వస్తాయి. ఈ దండు పుట్టుక వెనక హెన్రీ రస్సెల్ అనే దొర ఉన్నాడు. 1811 నుంచి 1820 దాకా హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. నిజాం ఖజానా ఖర్చుతో అతను నిలబెట్టిన పటాలాన్ని రస్సెల్ బ్రిగేడ్ అన్నారు. తర్వాత అదే హైదరాబాద్ కంటింజెంట్ అయింది, బొల్లారంలో స్థిరపడింది. సైన్యం చరిత్రలో అతని సంగతి అంతటితో సరి. మనిషి సంగతి తెలియాలంటే ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి పోవాలి. అతనూ తమ్ముడూ రాసుకున్న ఉత్తరాలు అక్కడున్నాయి. చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ ఆ కట్టలు విప్పి 2002లో ‘వైట్ మొఘల్స్’ రాశాడు. అందులో అందరికీ గుర్తుండిపోయేది కర్క్‌పాట్రిక్ ప్రేమకథ. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ కథకు తోక లాంటి రస్సెల్ కథ.

ముందు కర్క్‌పాట్రిక్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. జేమ్స్ ఎకిలీస్ కర్క్‌పాట్రిక్ 1798 నుంచి హైదరాబాద్ రెసిడెంటు. ఫార్సీ, ఉర్దూ వచ్చినవాడు. నిజాం దర్బారు ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. నగరంలో పెద్దింటి సయ్యదుల పిల్ల ఖైరున్నిసా అతని మీద మనసు పడింది. తాత బకర్ అలీ ఖాన్ అప్పటికే ఆమెకు వేరే సంబంధం కుదిర్చాడు. ఆమె ఈడు పద్నాలుగు అటూ ఇటూ, దొరకు ముప్పై దాటాయి. ఇవాళైతే దీన్ని ప్రేమకథ అనం, పోలీసు స్టేషన్ మెట్లెక్కుతాం. ఆ కాలం లెక్కలు వేరు. ఇంట్లో మగవాళ్లు వద్దన్నా తల్లి షరఫున్నిసా కూతురి పక్షాన నిలబడింది. దొర ఇస్లాం పుచ్చుకున్నాడు, గుట్టుగా నిఖా అయింది.

గుట్టు ఎవరి దగ్గర? గవర్నర్ జనరల్ వెల్లస్లీ దగ్గర. అక్కడే ఒక చిక్కు. జేమ్స్ అన్న విలియం కలకత్తాలో ఆ వెల్లస్లీకే అంతరంగికుడు. ఇటు తమ్ముడు, అటు తిండిపెట్టే యజమాని. జేమ్స్ మొదట అన్న దగ్గరా బుకాయించాడు, ఆ తర్వాతే నిజం రాశాడు. 1801లో మద్రాసు గవర్నర్ లార్డ్ క్లైవ్, హైదరాబాద్‌లో పనిచేసిన ఇద్దరు అధికారులను పిలిపించి, ప్రమాణం చేయించి మరీ ఈ సంగతి మీద వాంగ్మూలం తీసుకున్నాడు. ఇంత జరిగినా ఉద్యోగం పోలేదు. కొడుకు సాహెబ్ ఆలం 1801లో, కూతురు సాహెబ్ బేగం 1802లో పుట్టారు. కోఠిలో రెసిడెన్సీ భవనం లేచింది. మన తరానికి అది విమెన్స్ కాలేజీగానే తెలుసు. దాని తోటలో బేగం కోసం రంగ్ మహల్ అనే జనానా కూడా కట్టించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇంకా ఇరవై నిండని హెన్రీ రస్సెల్ అసిస్టెంటుగా కొలువులో చేరాడు. జేమ్స్ అతన్ని చేరదీశాడు. బయటి కాగితాల్లో ఏం రాయాలి, లోపలి మాట ఎక్కడ ఆపాలి అన్న విద్య అతను ఈ రెసిడెన్సీలోనే వంటబట్టించుకుని ఉంటాడని నా అనుమానం. పరదా ఉన్న ఇల్లు కాబట్టి రంగ్ మహల్ గడప దాటే అవకాశం అతనికి లేదు. కానీ ఆ గడప వెనక ఎవరున్నారో, ఆ సంగతి కలకత్తాకు ఎంతవరకు చెప్పవచ్చో తెలిసిన కొద్దిమందిలో అతనొకడు.

1805లో పిల్లలిద్దరినీ చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. వాళ్లకు నాలుగేళ్లు, మూడేళ్లు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు వాళ్ల బొమ్మ గీశాడు. హైదరాబాదీ జరీ బట్టలు, తలమీద టోపీలు, కాళ్లకు జోళ్లతో మెట్ల మీద నిలబడ్డ పిల్లలు. ఆ తర్వాత తల్లి వాళ్లను చూడలేదు. లండన్‌లో బాప్తిస్మం ఇప్పించి విలియం జార్జ్, కాథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లితో ఉత్తరాల బంధం కూడా తెంచేశారు. పిల్లలను సాగనంపిన జేమ్స్ పని మీద కలకత్తా వెళ్లి, ఆ అక్టోబరు 15న అక్కడే జబ్బుతో చనిపోయాడు. నలభై ఒక్కేళ్లు. ఒకే ఏడాదిలో ఖైరున్నిసాకు ఒడి ఖాళీ, ఇల్లు ఖాళీ. ఆమెకు ఇరవై దాటలేదు.

ఇక్కడ నుంచి నిదానంగా చూడాలి.

1806లో ఖైరున్నిసా, తల్లి షరఫున్నిసా జేమ్స్ సమాధి చూడటానికి కలకత్తా బయలుదేరారు. హైదరాబాద్ నుంచి వెయ్యి మైళ్లు, అదీ పల్లకీలూ బోయీల కాలంలో. రెసిడెన్సీ మున్షీ అజీజుల్లా తోడు వచ్చాడు. కలకత్తాలో రస్సెల్ ఉన్నాడు. చనిపోయిన యజమానికి నమ్మినబంటు, వితంతువుకు పాత పరిచయం, పైగా జేమ్స్ గురించి ఆమెతో మాట్లాడగలిగిన ఒకే ఒక్క దొర. దుఃఖంలో ఉన్నవాళ్లకు పోయినవాడి కబుర్లు చెప్పేవాడికంటే దగ్గరివాడు ఎవరుంటారు? కొన్ని నెలల్లో స్నేహం ఇంకో దారి పట్టింది.

అతని వయసూ ఇరవై మూడే. అన్నీ లెక్క వేసుకునే చేశాడని అనను. కానీ ఆ నెలల్లో అతను ఎన్ని వైపులకు కట్టుబడి ఉన్నాడో చూడండి. గురువులాంటి జేమ్స్ పరువు కాపాడాలి. తనను నమ్ముకున్న స్త్రీని సొంతూరు చేర్చాలి. కలకత్తా సుప్రీంకోర్టులో న్యాయమూర్తి అయిన తండ్రికి ఈ వాసన తగలకూడదు. జేమ్స్ స్థానంలో వచ్చిన రెసిడెంటు థామస్ సిడెన్‌హామ్‌కు పాత రెసిడెన్సీ పద్ధతులంటే గిట్టదు, ఆయన్ను మంచి చేసుకోవాలి. ఈ నాలుగూ ఒక చోట నిలవవు. తమ్ముడు చార్లెస్‌కు మాత్రం అన్నీ రాశాడు. ఆ రాతల్లో ప్రేమ ఉంది, విసుగు ఉంది, బయటపడితే ఎలా అన్న బెంగ అన్నిటికంటే ఎక్కువ ఉంది.

తిరుగు ప్రయాణంలో అసలు దెబ్బ తగిలింది. హైదరాబాద్ దివాను అప్పటికి మీర్ ఆలం. బకర్ అలీ ఖాన్‌కు బంధువే, కానీ కర్క్‌పాట్రిక్ వల్ల ఒకప్పుడు పదవి పోగొట్టుకున్నవాడు. ఆ పగ చల్లారలేదు. కర్క్‌పాట్రిక్ బేగం నగరంలో అడుగు పెట్టరాదన్నాడు. సిడెన్‌హామ్ అడ్డు చెప్పలేదు. అలా 1807లో ఖైరున్నిసా, షరఫున్నిసా బందరులో ఆగిపోయారు.

బందరు సంగతి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలి, చిత్తడి, దోమలు, ఏప్రిల్ వస్తే ఒళ్లు అంటుకుపోయే ఉక్క. రేవు వైభవం అప్పటికే మద్రాసుకు తరలిపోయింది. కలంకారీ అద్దకాలు, కంపెనీ గుమాస్తాలు, సెలవు దొరికితే పారిపోదామని చూసే సిపాయి దొరలు. తెలిసిన ముఖం లేదు, మాట్లాడే భాష కూడా తనది కాదు. కోఠి తోటలో కాపురం చేసిన మనిషికి అది జైలుకు తక్కువేం కాదు. రస్సెల్ కొన్నాళ్లు ఉండి, తాను వెళ్లి దారి చేస్తానన్న ఆశ మిగిల్చి హైదరాబాద్ పోయాడు. దారి కాలేదు. 1808లో మద్రాసుకు బదిలీ అయ్యాడు.

మద్రాసు నుంచి ఉత్తరాలు పలచబడ్డాయి. అక్కడ విందులు, నాట్యాలు, పెళ్లీడుకొచ్చిన దొరల పిల్లలు. జేన్ కాసమేజర్ అనే అమ్మాయితో రస్సెల్‌కు సంబంధం కుదిరింది. బందరులో ఉన్నామెకు ఎవరు చెప్పాలి? మద్రాసు నుంచి బందరుకు ఓడలో కొద్ది రోజుల దారి. మనిషన్నవాడు తానే వెళ్తాడు. రస్సెల్ తమ్ముణ్ని పంపాడు.

ఆ చార్లెస్సే తర్వాత ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు చైర్మన్ అయ్యాడు. అంత పెద్ద కంపెనీ నడిపినవాడికి కూడా బందరులో ఆ గుమ్మం ముందు నిలబడ్డ రోజు మరిచిపోయేంత తేలికైంది అయి ఉండదు. పరదాకు ఇవతల అతను, అవతల తల్లీకూతుళ్లు. మధ్యలో అన్న పంపిన కబురు. ఏం మాటలు నడిచాయో కల్పించి రాయడం నాకిష్టం లేదు. కర్క్‌పాట్రిక్ కోసం ఇంట్లో మగవాళ్లను ఎదిరించిన పిల్లకు, అతని శిష్యుడి విషయంలో ఎదిరించడానికి ఎదుట మనిషే లేకుండా పోయాడు. అది చాలు.

1808 అక్టోబరులో మద్రాసులో పెళ్లయింది. కొన్ని నెలలకే జేన్ జ్వరంతో చనిపోయింది. రస్సెల్ నిజంగానే కుమిలిపోయాడు. ఇలాంటి చోట మనకు ‘ఉసురు తగిలింది’ అనడం అలవాటు. ఆ పాపం ఎరగని పిల్ల చావును ఖైరున్నిసా ఖాతాలో రాయడం అన్యాయం.

మీర్ ఆలం పోయాక అడ్డు తొలగింది, తల్లీకూతుళ్లు హైదరాబాద్ చేరారు. 1811లో అదే ఊరికి రస్సెల్ రెసిడెంటుగా వచ్చాడు, జేమ్స్ కట్టించిన భవనంలోనే కాపురం. నగరంలో ఒకప్పటి బేగం, కోఠిలో ఇప్పటి దొర, మధ్యన మూసీ. 1813 సెప్టెంబరు 22న ఖైరున్నిసా చనిపోయింది. ఇరవై ఏడేళ్లు. బొల్లారం దండుకు మూలమైన పటాలాన్ని రస్సెల్ కూడగడుతున్నదీ ఆ రోజుల్లోనే. 1820లో అవినీతి ఆరోపణల నీడలో ఉద్యోగం వదిలి, కూడబెట్టిన డబ్బుతో ఇంగ్లండ్‌లో స్వాలోఫీల్డ్ అనే ఎస్టేటులో స్థిరపడ్డాడు.

1841లో ఆ ఇంటికి ఒక నడివయసు స్త్రీ వచ్చింది. గోడ మీద మెట్లపై నిలబడ్డ ఇద్దరు పిల్లల బొమ్మ చూసి భోరున ఏడ్చేసింది. ఆమె కిట్టీ, ఒకప్పటి సాహెబ్ బేగం. బొమ్మలో పక్కన ఉన్న అన్న 1828లోనే పోయాడు. హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని అప్పుడు తెలిసింది. రెసిడెన్సీ ద్వారా ఉత్తరాలు నడిచాయి. ముసలామె ఫార్సీలో రాయించి పంపేది, కూతురి వెంట్రుకల పాయ కూడా దాచి ఉంచి మనవరాలికి పంపింది. 1847లో ఆమె కన్నుమూసే దాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

బొమ్మను తన తర్వాత కిట్టీకే చెందేలా వీలునామా రాస్తానని రస్సెల్ ఆమెకు మాటిచ్చాడు. 1852లో అతను చనిపోయాక బొమ్మ ఆమె చేతికి వచ్చింది. ఆ కుటుంబానికి అతనిచ్చిన మాటల్లో నిలబడింది ఇదే, అదీ అతను పోయాక ఇంకొకరు తీర్చాల్సిన మాట.