అసైన్‌మెంట్ ఇచ్చిన వేళకే

ఒకప్పుడు కాలేజీ తెరిచిన మొదటి వారంలో కొత్త పిల్లల్ని లైబ్రరీ అంతా తిప్పి, ఇది కార్డు కేటలాగు, ఇవి రిఫరెన్సు పుస్తకాలు అని చూపించి పంపేసేవారు. ఏం గుర్తుంటుంది? రెండు నెలల తర్వాత టర్మ్ పేపర్ నెత్తిమీదికి వచ్చినప్పుడు, అదే కేటలాగు ముందు ఏ డ్రాయరు లాగాలో తెలియక నిలబడిపోయేవారు. అవసరం లేనప్పుడు చెప్పింది ఒంటబట్టదు.

అమెరికాలో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మాంటీత్ కాలేజీలో, 1960 నుంచి ప్యాట్రీషియా నాప్ అనే లైబ్రేరియన్ దీన్ని మార్చాలని చూశారు. లైబ్రరీలో వెతకడాన్ని పాఠాల్లోనే కలిపేయాలన్నది ఆమె ప్రయోగం. దాని మీద 1966లో వచ్చిన పుస్తకం అధ్యాపకులకూ లైబ్రేరియన్లకూ మధ్య పొత్తుకు పెద్దపీట వేసింది. నాకూ అసలు కిటుకు అక్కడే ఉందనిపిస్తుంది. మార్కులు వేసేది అధ్యాపకులు. వాళ్లు అడగనిదాన్ని పిల్లలు ఎందుకు వెతుకుతారు?

ఆ పొత్తు వేళ్లూనుకున్నది ఇండియానా రాష్ట్రంలో, క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు 1847లో పెట్టిన ఎర్ల్‌హామ్ అనే చిన్న కాలేజీలో. ఎవాన్ ఫార్బర్ 1962లో అక్కడికి లైబ్రేరియన్‌గా వచ్చారు. ముందు అధ్యాపకుడితో కూర్చుని ఏం రాయిస్తున్నారో తెలుసుకోవడం, పేపర్ ఇచ్చిన వేళకే ఆ క్లాసుకు వెళ్లడం ఆయన పద్ధతి. పిల్లలకు పంచే కాగితాలు ఆ కోర్సు కోసమే తయారయ్యేవి. ముందు ఏ విజ్ఞాన సర్వస్వం తెరవాలి, తర్వాత ఏ ఇండెక్సు చూడాలి, ఒక్కొక్కటీ ఎందుకు పనికొస్తుంది, అన్నీ అందులో ఉండేవి. బయాలజీ క్లాసుల్లో ఈ పని సైన్స్ లైబ్రేరియన్ థామస్ కర్క్ చూసుకున్నారు. ఏ తీరులో చెబితే పిల్లలకు బాగా పట్టుబడుతుందో తెలుసుకోవడానికి రెండు బోధన పద్ధతుల్ని పోల్చి, 1971లో వ్యాసం కూడా ప్రచురించారు.

సిలబస్ పూర్తికాదన్న బెంగ ఉన్నవాళ్లకు క్లాసులో ఒక గంట వదులుకోవడం తేలిక కాదు. అందుకే ఫార్బర్ మాట ఎప్పుడూ అధ్యాపకుడి కోర్సు దగ్గరే మొదలయ్యేది. ఆ కోర్సు కోరుకునే మంచి పేపర్ రావాలంటే పిల్లలకు వెతకడం రావాలి. ఇద్దరి పనీ అక్కడ ఒకటవుతుంది. లైబ్రరీ గొప్పదని ఎంత వాదించినా ఆ గంట దొరికేది కాదని నా నమ్మకం.

కావలసిన సమాచారాన్ని వెతికి వాడుకోగలగడానికి ‘సమాచార అక్షరాస్యత’ అన్న మాటను పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన వాడింది 1974లో. అప్పటికే ఎర్ల్‌హామ్‌లో ఈ క్లాసులు ఏళ్లుగా నడుస్తున్నాయి. ఫార్బర్ 1994లో పదవీ విరమణ చేసినప్పుడు, ఆ కుర్చీలోకి వచ్చింది ఒకప్పటి ఆ సైన్స్ లైబ్రేరియన్ థామస్ కర్కే.