ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ (పక్షవాతం)

పక్షవాతం వచ్చి నెలలు, సంవత్సరాలు గడచినా తగ్గని కాలుసేతుల బలహీనత, మాట తడబాటు, నొప్పి వంటి లోపాలను సరిచేసే ఉద్దేశంతో, ఎటనర్సెప్ట్ అనే వాపును అణచే మందును మెడ వెనుక భాగంలో ఇచ్చే ప్రయోగాత్మక విధానమే ఈ ఇంజెక్షన్. పక్షవాతానికి ఈ మందు వాడకాన్ని అమెరికా, భారత ఔషధ నియంత్రణ సంస్థలు ఆమోదించలేదు.

మందు వివరాలు

ఎటనర్సెప్ట్ జన్యుసాంకేతిక పద్ధతిలో తయారయ్యే ఒక ప్రోటీను. శరీరంలో వాపును పెంచే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని ఇది పట్టి ఉంచి పనిచేయనీయదు. 1998 నవంబరులో అమెరికాలో కీళ్ళవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అనుమతి పొందింది. అక్కడ దీని వ్యాపారనామం ఎన్‌బ్రెల్. భారతదేశంలో సిప్లా సంస్థ 2013లో ఎటాసెప్ట్ పేరుతో విడుదల చేసింది.

సిద్ధాంతం

మెదడులో కొంతభాగానికి రక్తప్రసరణ ఆగినపుడు అక్కడి మైక్రోగ్లియా కణాలు టి.ఎన్.ఎఫ్.ను విడుదల చేస్తాయి. ఇది చాలాకాలం కొనసాగి, బ్రతికి ఉన్న నాడీకణాల మధ్య సంకేతాలను కూడా అడ్డుకుంటుందని ఈ విధానాన్ని సమర్థించేవారి వాదన. అయితే ఎటనర్సెప్ట్ అణుభారం సుమారు 150 కిలోడాల్టన్లు. ఇంత పెద్ద అణువు రక్తం నుండి మెదడులోనికి సులభంగా ప్రవేశించలేదు. అందువలన మందును మెడ వెనుక ఇచ్చి, రోగిని కొద్ది నిమిషాలు తల క్రిందికి వాలేలా పడుకోబెడతారు. వెన్నెముక చుట్టూ ఉన్న, కవాటాలు లేని సిరల ద్వారా మందు మెదడును చేరుతుందని వీరి భావన.

పరిశోధనలు

ఈ విధానాన్ని అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ టోబినిక్ ప్రచారంలోకి తెచ్చాడు. అతని బృందం 2012లో 600 మందికి పైగా రోగుల అనుభవాలను ప్రచురించింది. కాని అందులో పోల్చి చూచుటకు ఉత్తుత్తి మందు పొందిన వర్గం లేదు. 2016లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ ఈ చికిత్సకు తగిన ఆధారాలు లేవని పేర్కొన్నది.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలో 126 మందిపై జరిగిన పెస్టో పరీక్ష ఫలితాలు 2025లో వెలువడినవి. 28 రోజుల తరువాత మందు పొందినవారిలో 53 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో 58 శాతం మందికి జీవన నాణ్యత మెరుగైనది. అనగా మందు వలన అదనపు ప్రయోజనం కనబడలేదు. ఇంజెక్షన్ తరువాత మేలు కలిగిందని ఒక రోగి చెప్పిన మాట నిజమే కావచ్చు. అది మందు వలననే కలిగిందనడానికి మాత్రం ఆ మాట చాలదని ఈ పరీక్ష తెలుపుతుంది.

జాగ్రత్తలు

ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. శరీరంలో అణగి ఉన్న క్షయ, హెపటైటిస్-బి తిరగబెట్టవచ్చు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది ముఖ్యమైన విషయం.

కోనసీమలో రోగులకు

పక్షవాత లక్షణాలు కనబడగానే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే మందును, సి.టి. స్కాన్ చేసిన పిదప, సాధారణంగా నాలుగున్నర గంటల లోపుననే ఇస్తారు. అమలాపురం నుండి యానాం - ఎదుర్లంక వారధి మీదుగా కాకినాడకు, కొత్తపేట నుండి రావులపాలెం మీదుగా రాజమండ్రికి వెళ్ళవచ్చు. రాజోలు వంటి దూర ప్రాంతాలవారికి ప్రతి నిమిషం విలువైనదే. స్కాన్ సౌకర్యం ఎక్కడ ఉన్నదో ముందే తెలుసుకొనుట మేలు. తరువాతి కాలంలో ఫిజియోథెరపీ, మాట శిక్షణ, రక్తపోటు, మధుమేహ నియంత్రణ నిరూపితమైన మార్గాలు. పొలమో, కొబ్బరితోటో అమ్మి ఈ ఇంజెక్షన్ కోసం దూరదేశాలకు పోవుటకు ఇప్పటివరకు ఉన్న ఆధారాలు బలం చేకూర్చవు.

ఇవి కూడా చూడండి

పక్షవాతం
రక్తపోటు
మెదడు
కీళ్ళవాతం