పందుంపుల్ల

పళ్ళు తోముకోవడానికీ, వాటికి పట్టిన గార వదిలించడానికీ వాడే చెట్టు పుల్ల. పండ్లపుల్ల అని కూడా అంటారు. తెలుగునాట వేప, కానుగ, తుమ్మ, ఉత్తరేణి పుల్లల వాడకం ఎక్కువ. కొస నమిలి కుచ్చు చేసి తోముతారు, తర్వాత నిలువునా చీల్చి నాలుక గీసుకుంటారు.

సంస్కృతంలో ఇది దంతకాష్ఠం. సుశ్రుత సంహిత కొలతలతో సహా చెప్పింది: పొడవు 12 అంగుళాలు, లావు చిటికెనవేలంత. ఆ అంగుళం వేలి వెడల్పే, ఇంచీ కాదు. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, ఘాటు చెట్లలో కానుగ మేలని అందులో ఉంది. 7వ శతాబ్దంలో నలందలో చదువుకున్న చైనా భిక్షువు ఇత్సింగ్ తన గ్రంథంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చైనావారు దీన్ని విల్లో కొమ్మ అనుకోవడం పొరపాటనీ, భారతదేశంలో ఆ చెట్టే అరుదనీ సరిదిద్దాడు. అరబ్బు దేశాల్లో ఇలాంటిదే మిస్వాక్. 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని వాడకాన్ని ప్రోత్సహించింది.

పుల్లతోపాటే పొడులూ నడిచాయి: బొగ్గు, ఉప్పు, ఊక బూడిద. మైసూరు దగ్గరి నంజనగూడులో 1913లో మొదలైన సద్వైద్యశాల పళ్ళపొడికి ఊకే ఆధారం. 1916లో పుట్టిన కలకత్తా కెమికల్ కంపెనీ వేపను టూత్‌పేస్టులోకి తెచ్చింది. ముళ్ళగోరింటకు వజ్రదంతి అనే పేరుంది. 1952లో మొదలైన వికో సంస్థ తన పళ్ళపొడికి ఆ పేరే పెట్టుకుంది.

ఇవన్నీ పని చేసేది పంటి పైపైనే. తాంబూలం, టీ, పొగాకు గార ఎనామిల్ మీద పేరుకుంటుంది కనుక రాపిడికి వదులుతుంది. ఊక బూడిదలోని సిలికా చేసేది ఆ పనే. బొప్పాయిలోని పపైన్, అనాసలోని బ్రోమిలైన్ పంటి మీది మాంసకృత్తుల పొరను కరిగిస్తాయని పేస్టుల్లో కలుపుతున్నారు. పంటి సహజమైన రంగును లేత చేసేది పెరాక్సైడ్. దాన్ని ఇంట్లో రాత్రిపూట పళ్ళ తొడుగుతో వాడే పద్ధతి 1989లో వెలువడింది. బొగ్గు తెలుపు చేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. నిమ్మరసం మరీ చెరుపు. ఆ పులుపుకు ఎనామిలే కరుగుతుంది, పోయిన ఎనామిల్ తిరిగి రాదు.

ఏ పుల్లకూ లొంగని గార ఒకటుంది: ఫ్లోరోసిస్ మచ్చ. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో గుర్తించింది ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. తర్వాత నల్లగొండ దానికి మారుపేరైంది. చిన్నతనంలో తాగిన నీటి ఫ్లోరైడ్ వల్ల ఆ గోధుమరంగు మచ్చ ఎనామిల్‌లోనే ఏర్పడుతుంది. అలాంటి మచ్చలున్న పిల్లల పళ్ళను బొగ్గుతో, నిమ్మతో రుద్దకండి. ముందు ఇంట్లో తాగే నీటిని పరీక్ష చేయించండి.