పశువైద్యశాలలో వృత్తి భద్రతా శిక్షణ

పశువైద్యులు, పారా సిబ్బంది, అటెండర్లు, పారిశుద్ధ్య కార్మికులు తమ పనిలో ఎదురయ్యే గాయాలను, పశువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులను, మందులు, ఎక్స్‌రే కిరణాల వల్ల కలిగే హానిని ముందుగా గుర్తించి తప్పించుకునేలా ఇచ్చే తర్ఫీదును పశువైద్యశాల వృత్తి భద్రతా శిక్షణ అంటారు.

దీని రూపకల్పన పుస్తకాల్లోని ప్రమాదాల జాబితాతో కాక, ఆ ఆసుపత్రిలో రోజూ జరిగే పనులతో మొదలుకావాలి. పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రమైన ట్రెవిస్‌లోకి గేదెను ఎక్కించడం, చూడి పరీక్ష, కష్టమైన ఈత, శవపరీక్ష వంటి ఒక్కో పనిని దగ్గర నిలబడి గమనించి, ఎవరి చెయ్యి ఎక్కడ ఉంటున్నదో, ఏ వైపు నుంచి తన్ను తగలగలదో, ఏది చిందగలదో రాసుకుంటే పాఠ్యాంశాలు వాటంతట అవే తేలుతాయి. పశువును పట్టుకునేది సాధారణంగా అటెండరో, దాన్ని తోలుకొచ్చిన రైతో గనుక, వైద్యులకే పరిమితమైన శిక్షణ అసంపూర్ణమనే చెప్పాలి.

మేత మానేసి, చొంగ కారుస్తూ, మింగలేక అవస్థపడే గేదె గొంతులో ఏదో అడ్డుపడిందని రైతు అనుకోవడం సహజం. పరీక్షించేవారూ అలాగే తలచి వట్టి చేతిని దాని నోట్లో పెడితే, అది రేబిస్ అయిన పక్షంలో చర్మంపై ఉన్న చిన్న గీత గుండానైనా లాలాజలంలోని వైరస్ ప్రవేశించవచ్చు. అందువల్ల మింగలేని పశువును మొదట రేబిస్ అనుమానంతోనే చూడాలన్న నియమాన్ని పదేపదే అభ్యాసం చేయించాలి. ముందస్తు టీకాను భారతదేశంలో 0, 7 రోజుల్లోను, 21 లేదా 28వ రోజున మూడవ మోతాదుగాను ఇస్తారు. అది పూర్తిచేసుకున్నవారు కూడా కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, 0, 3 రోజుల్లో బూస్టర్ మోతాదులు తీసుకోవాలి.

ఈసుకుపోయిన పశువు మాయను, పిండాన్ని తీసేటప్పుడు సోకే బ్రూసెల్లోసిస్ మనిషిని విడిచి విడిచి వచ్చే జ్వరంతో, కీళ్ల నొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. భుజం వరకు ఉండే చేతితొడుగులు, మాస్కు, కళ్లద్దాలు దీనికి రక్షణ. ఈ వ్యాధి నివారణకు 4 నుంచి 8 నెలల వయసు పెయ్యలకు వేసే ఎస్-19 టీకాలో బలహీనపరచిన సజీవ బ్యాక్టీరియా ఉంటుంది గనుక, పెయ్య కదిలినప్పుడు సూది వేలికి గుచ్చుకున్నా, మందు కంట్లో చిందినా ఆ టీకాయే మనిషికి వ్యాధిని కలిగించవచ్చు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టే అలవాటును మాన్పించడం ఈ శిక్షణలో కష్టమైన, విలువైన భాగం.

హఠాత్తుగా చనిపోయి ముక్కు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నెత్తురు కారే కళేబరాన్ని దొమ్మ రోగం అనుమానంతో కోయకుండా ఉంచాలి. కోస్తే గాలి సోకి ఏర్పడే సిద్ధబీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మందుల విషయానికొస్తే, ఎదకు రప్పించే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు చర్మం గుండా ఇంకుతాయి గనుక గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు వాటిని తాకరాదు.

2016 జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు పశువైద్య సంస్థలకూ వర్తిస్తాయి. వ్యర్థాలతో పనిచేసే సిబ్బందికి ఉద్యోగంలో చేరినప్పుడు, ఆపై ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇవ్వడం, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం వాటి ప్రకారం యాజమాన్యం బాధ్యత.