జ్వరం దిగిన రాత్రి

ఆగస్టు నెల. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి, పిల్లల వార్డు. రాత్రి ఎనిమిదైంది, డ్యూటీ మారుతోంది. వెళ్లే సిస్టరూ వచ్చిన సిస్టరూ కేస్ షీట్లు పట్టుకుని ఒక్కో మంచం దగ్గరా ఆగుతున్నారు. మీరూ వాళ్ల వెనకే నడవండి. ఫినాయిల్ వాసన. మంచాల కింద తడి గొడుగులు, అన్నం డబ్బాలు. డెంగీ పిల్లల మీద దోమతెరలు. వీళ్లను కుట్టిన దోమ ఇంకొకరికి జబ్బు మోసుకుపోకుండా పగటిపూట కూడా అవి దించే ఉంచుతారు.

ఏడో మంచం మీద ఆరేళ్ల బాబు. వికారాబాద్ వైపు ఊరు. డెంగీ, జ్వరం వచ్చి నాలుగో రోజు. సెలైన్ కోసం చేతికి పెట్టిన కాన్యులా దగ్గర వాచింది, మార్చాలి. రాత్రి డ్యూటీ సిస్టర్ ట్రే తేగానే వాడు గోడ వైపు జరిగిపోయాడు. నలుగురు కలిసి అదిమిపట్టి పొడిచేస్తే పని త్వరగా అయిపోతుంది. ఈమె అలా చెయ్యదు. తల్లిని మంచం మీద కూర్చోమని, బాబును ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది.

“నొప్పి పుడతదా?” వాడే అడిగాడు.

“పుడుతుంది నాన్నా, కొంచెంసేపు. ఐదు లెక్కపెట్టు. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు.”

నొప్పి ఉండదని చెప్పి పొడిస్తే ఈ పిల్లవాడు ఇంకోసారి ఆమె మాట నమ్మడు. ఆ నమ్మకంతోనే వాడు రాత్రంతా బీపీ చూపించుకోవాలి, వద్దనిపించినా గుక్క గుక్క ఓఆర్ఎస్ తాగాలి. సూది దిగింది. వాడు నాలుగు దాకా గట్టిగా లెక్కపెట్టాడు, ఐదు ఏడుపులో కలిసిపోయింది. చేతికింద అట్ట పెట్టి ప్లాస్టర్ వేసింది.

ఇప్పుడు సెలైన్. బాబు బరువు 16 కిలోలు. డాక్టర్ రాసింది కిలోకు గంటకు 5 మిల్లీలీటర్లు, అంటే గంటకు 80. పిల్లలకు వాడే సన్న డ్రిప్ సెట్‌లో 60 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అందుకే గంటకు ఎన్ని మిల్లీలీటర్లో, నిమిషానికి అన్ని చుక్కలు. ఆమె వాచీ చూస్తూ 15 సెకన్లకు 20 చుక్కలు పడేదాకా గొట్టం మీది చక్రం సరిచేసింది.

పదకొండు దాటాక తల్లి గబగబా వచ్చింది. ముఖంలో సంతోషం. “జరం దిగింది సిస్టర్! ఒళ్లు మంచిగైంది. పొద్దుగాల ఇంటికి పోవచ్చునా?”

డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం తగ్గే వేళకు కొందరిలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. ఈ దశ 24 నుంచి 48 గంటలు. పిల్లల్లో బీపీ పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి పడిపోతే షాక్‌లోకి వెళ్తున్నట్టే. ఇదంతా ఉన్నదున్నట్టు చెబితే తల్లి బెంబేలెత్తిపోతుంది. చెప్పకపోతే నిశ్చింతగా నిద్రపోతుంది. సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

“దిగడం మంచిదేనమ్మా. కానీ ఈ జబ్బులో ఇప్పుడే కనిపెట్టుకుని ఉండాలి. నువ్వూ నేనూ కలిసి చూద్దాం. కడుపునొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి నెత్తురు కనిపించినా, చేతులూ కాళ్లూ చల్లబడ్డా, మత్తుగా పడి ఉన్నా వెంటనే నన్ను పిలువు. మూత్రం పోసినప్పుడల్లా ఈ కొలత సీసాలో పట్టు.”

తల్లికి భయం వేసింది. అయినా చేతికి పని దొరికింది. వెళ్లి బాబు పాదాలు పట్టుకుని కూర్చుంది.

ఒకప్పుడు బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల్లో పిల్లల దగ్గర తల్లిని ఇలా ఉండనిచ్చేవారు కాదు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప ఎంత బెంగపడిందో పరిశోధకుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీసి చూపించాడు. 1959లో, ఆసుపత్రుల్లోని పిల్లల సంక్షేమంపై అక్కడ వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది. మన వార్డుల్లో తల్లి మంచం పక్కనే ఉంటుంది. ఆమెకు ఏం చూడాలో చెప్పేవాళ్లు ఉండాలి, అంతే.

రెండున్నరకు పిలుపొచ్చింది. “కాళ్లు సల్లగైనయ్ సిస్టర్.” సిస్టర్ గోరు నొక్కి వదిలింది. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాలేదు. బీపీ 90, 66; తేడా 20కి దగ్గరపడింది. డ్యూటీ డాక్టర్ వచ్చారు, రక్తం పరీక్షకు వెళ్లింది, చుక్కలు పెంచారు. రాసుకున్న లెక్క ప్రకారం సిస్టర్ మళ్లీ చూడాల్సింది మూడు గంటలకు. తల్లి చెయ్యి అరగంట ముందే కనిపెట్టింది. తెల్లారేసరికి పాదాలు వెచ్చబడ్డాయి, సీసాలో మూత్రం చేరింది.

ఆరో రోజున సెలైన్ ఆపేశారు. తల్లికి మళ్లీ గాబరా, సెలైన్ తీస్తే వైద్యం ఆగినట్టేనని. సిస్టర్ మళ్లీ కూర్చుంది. బయటికి ఊరిన నీరు ఇప్పుడు నాళాల్లోకి తిరిగొస్తుందని, ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుందని చెప్పింది.

అదే రోజు ఎనిమిదో మంచానికి కొత్త పాప వచ్చింది. ఏడో మంచం తల్లి ఆ తల్లికి చెబుతోంది: “జరం దిగిందని పండుకోకక్కా. కాళ్లు పట్టి సూస్తుండు. సల్లగైతే సిస్టర్‌ను పిలువు, ఏమనదు.”

సిస్టర్ స్టూలు మీద కూర్చున్న ఆ కొద్ది నిమిషాలు వైద్యంలో భాగమే. వార్డుకు ఎంతమంది నర్సులు కావాలో లెక్క వేసేవాళ్లు మందులకూ సూదులకూ పట్టే సమయంతో పాటు ఈ నిమిషాలనూ కలపాలి.